ఇంటి పొయ్యికి తగ్గ పిజ్జా: తరచుగా అడిగే ప్రశ్నలు

పైకి ఈ ప్రశ్నలు పిండి గురించో, చీజ్ గురించో అడిగినట్టు ఉంటాయి. కాస్త తవ్వితే చాలావరకు వేడి దగ్గరే తేలతాయి. అందుకే వేడితోనే మొదలుపెడుతున్నాను.

అన్నీ కొలత ప్రకారమే వేసినా షాపులో తిన్నట్టు ఎందుకు రావడం లేదు?

వేడి చాలదు. ఇటలీలోని నేపుల్స్‌లో పిజ్జాను కట్టెల పొయ్యిలో, 400 డిగ్రీల సెల్సియస్‌కి పైగా కాగిన రాతి నేల మీద వేస్తారు. 60 నుంచి 90 సెకన్లలో పని అయిపోతుంది. పిండిలోని నీరు ఎండిపోయే లోపే అంచు పొంగి, అక్కడక్కడా నల్లగా మాడి, లోపల మెత్తగా ఉండిపోతుంది. నేపుల్స్ పిజ్జా పద్ధతిని కాపాడటానికి 1984లో ఏర్పడిన సంఘం ఆ పిజ్జా ముద్దలో పిండి, నీళ్లు, ఉప్పు, ఈస్ట్ తప్ప మరేమీ ఉండకూడదంటుంది. ఆ పిజ్జా చేసేవాళ్ల కళను యునెస్కో 2017లో తన వారసత్వ జాబితాలో చేర్చింది కూడా.

మన ఓటీజీలు, అంటే ఇళ్లలో వాడే చిన్న కరెంటు ఓవెన్లు, సాధారణంగా 250 దాటవు, కొన్ని 230 దగ్గరే ఆగిపోతాయి. ఆ వేడికి పిజ్జా పది పన్నెండు నిమిషాలు లోపల ఉండాలి. ఈలోపు నీరంతా పోయి బేస్ గట్టిపడుతుంది, రంగు మాత్రం సరిగ్గా రాదు. కాబట్టి నేపుల్స్ పద్ధతిని ఉన్నదున్నట్టు ఇంట్లో దింపాలనుకోవడం దండగ అని నా అభిప్రాయం. తక్కువ వేడికి తగ్గట్టు పద్ధతినే మార్చుకోవాలి. మెత్తదనం కోసం పిండిలో కాస్త నూనె, రంగు కోసం కాస్త పంచదార వేయాలి. సాస్‌ను ముందే ఉడికించి చిక్కబరచాలి. చీజ్ కూడా నీళ్లు తక్కువున్న రకమే తీసుకోవాలి. వీటిని చూసి ఎవరైనా అసలైన పిజ్జా కాదంటే వాదించకండి, వాళ్ల పొయ్యి వేరు.

సరే, కొలతలు చెప్పండి.

పది అంగుళాల పిజ్జాలు రెండింటికి: మైదా 300 గ్రాములు, నీళ్లు 180 గ్రాములు, ఉప్పు 6 గ్రాములు, ఇన్‌స్టంట్ ఈస్ట్ 3 గ్రాములు, పంచదార ఒక టీస్పూన్, నూనె ఒక టేబుల్ స్పూన్. ఉప్పయినా ఈస్టయినా తలగొట్టి కొలిస్తే ఒక్కో టీస్పూన్ వస్తుంది. ఇది అదే రోజు చేసుకునే లెక్క. ముందురోజు రాత్రి కలిపి ఫ్రిజ్‌లో పెట్టేటట్టయితే ఈస్ట్ పావు టీస్పూన్ చాలు.

కప్పులతో కాకుండా వంటింటి తూకంతో కొలవండి. కప్పు మైదా వదులుగా పోస్తే ఒక బరువు, అదిమి నింపితే ఇంకో బరువు. పిజ్జా పిండిలో పాతిక గ్రాముల తేడా చేతికి తెలిసిపోతుంది.

మామూలు మైదా సరిపోతుందా, ప్రత్యేకమైన పిండి కొనాలా?

సరిపోతుంది, కానీ ప్యాకెట్ వెనక చూసి కొనండి. 100 గ్రాములకు ప్రోటీన్ ఎంతో రాసి ఉంటుంది. మన మైదాల్లో అది 10, 11 గ్రాముల ప్రాంతంలో ఉంటుంది. 11కి పైన ఉన్నది దొరికితే అదే తీసుకోండి. ఆ ప్రోటీనే నీళ్లు తగిలాక గ్లూటెన్‌గా మారి, ఈస్ట్ వదిలే గాలిని పట్టి ఉంచుతుంది. బ్రెడ్ ఫ్లోర్ పేరుతో అమ్మే పిండిలో ఇది 12, 13 దాకా ఉంటుంది. దొరికితే మంచిదే, దొరకలేదని పిజ్జా ఆపుకోనక్కర్లేదు.

ఇటలీ నుంచి వచ్చే '00' పిండి గురించి చాలామంది అడుగుతారు. ఆ సున్నాలు పిండిని ఎంత శుద్ధి చేశారో చెబుతాయి తప్ప దాని బలాన్ని కాదు. పైగా అందులో పిజ్జా కోసం చేసిన రకాలు ఎక్కువ వేడి కోసం ఉద్దేశించినవి. 230 డిగ్రీల ఓటీజీలో అవి పాలిపోయినట్టు తెల్లగా ఉండిపోతాయి. ఆ డబ్బు పెట్టి మంచి చీజ్ కొనుక్కోవడం మేలు.

గోధుమపిండితో చేయొచ్చా?

చేయొచ్చు. కానీ మొత్తం గోధుమపిండితో చేస్తే మైదా పిజ్జా రాదు, బరువైన ఇంకో రొట్టె వస్తుంది. గోధుమపిండిలో ప్రోటీన్ తక్కువేం కాదు. అందులోని పొట్టు గ్లూటెన్ పోగులను తెంపేస్తుంది, అదీ ఇబ్బంది. సగం సగం కలిపితే రుచి బాగుంటుంది. నీళ్లు మాత్రం పెంచాలి, 300 గ్రాములకు 200 దాకా పడతాయి. కలిపాక అరగంట కదపకుండా వదిలేస్తే పొట్టు నాని మెత్తబడుతుంది, ఆ తర్వాతే పిసకాలి.

మైదా పేగులకు అతుక్కుంటుందన్న మాట నిజం కాదు. పీచు లేకపోవడం దాని లోపం, అది నిజం. ఆరోగ్యం కోసమే అయితే పిజ్జా ఎప్పుడో ఒకసారి తినడం ఇంకా సులువైన దారి.

ఈస్ట్ ఏది కొనాలి? పాడైందని ఎలా తెలుస్తుంది?

ఇన్‌స్టంట్ ఈస్ట్ కొనండి, నేరుగా పిండిలో కలిపేయొచ్చు. యాక్టివ్ డ్రై ఈస్ట్ అయితే గోరువెచ్చటి నీళ్లలో ముందుగా నానబెట్టాలి, పావు వంతు ఎక్కువ వేయాలి. ప్యాకెట్ విప్పాక గాలి చొరని డబ్బాలో పోసి డీప్ ఫ్రీజర్‌లో పెడితే నెలల తరబడి పనిచేస్తుంది. వంటింటి అలమరలో వదిలేస్తే మన వాతావరణానికి తొందరగా చచ్చిపోతుంది.

అనుమానంగా ఉంటే అరకప్పు గోరువెచ్చటి నీళ్లలో ఒక చెంచా పంచదార, ఒక చెంచా ఈస్ట్ వేసి పది నిమిషాలు చూడండి. నురగ కట్టకపోతే పారేయండి. నీళ్లలో వేలు పెట్టి ఉంచగలగాలి. వేలికి చుర్రుమంటే ఈస్ట్ చావడానికి అది చాలు, 55 నుంచి 60 డిగ్రీల మధ్య అది బతకదు.

ఈస్ట్ శాకాహారమేనా? చీజ్ సంగతేమిటి?

ఈస్ట్ ఒక శిలీంధ్రం, పుట్టగొడుగుల్లాగే. జంతువు కాదు. చీజ్ విషయంలో మాత్రం జాగ్రత్త పడాలి. పాలను గడ్డ కట్టించే రెన్నెట్ కొన్ని చీజ్‌లకు దూడ కడుపులోంచి తీస్తారు. ఇక్కడ అమ్మే మొజరెల్లా ప్యాకెట్ల మీద పచ్చచుక్క ఉంటే అందులో ఆ రెన్నెట్ లేనట్టే. ఇటలీ పార్మిజానో రెజ్జానో మాత్రం నియమం ప్రకారం దూడ రెన్నెట్‌తోనే చేయాలి. పైన చల్లే పొడి చీజ్ కొనేటప్పుడు శాకాహారులు ఇది చూసుకోవాలి.

ఎండాకాలంలో పిండి గిన్నె దాటి పొంగి, కల్లు వాసన వస్తోంది. ఏం చేయాలి?

ఇది మన ఊళ్ల ప్రత్యేక సమస్య. విదేశీ వంటకాల్లో "రెండు గంటలు వెచ్చటి చోట ఉంచండి" అని రాస్తే, ఆ వెచ్చటి చోటు వాళ్ల లెక్కలో 24, 25 డిగ్రీలు. మే నెలలో విజయవాడలోనో రామగుండంలోనో వంటింట్లో 38 ఉంటుంది. ఆ వేడికి ఈస్ట్ రెట్టింపు కంటే వేగంగా పనిచేస్తుంది. చక్కెరలన్నీ తినేసి, ఆల్కహాల్, ఆమ్లాలు వదులుతుంది, ఆ వాసన దానిదే. అప్పటికి గ్లూటెన్ కూడా బలహీనపడి పిండి చేతికి అంటుకుంటుంది, సాగదీస్తే చిరుగుతుంది. కాల్చినప్పుడు రంగు కూడా రాదు, ఎందుకంటే రంగు రావడానికి కావలసిన చక్కెర మిగల్లేదు.

మందు మూడు రకాలు, మూడూ కలిపి వాడినా పర్లేదు. ఫ్రిజ్ నీళ్లతో పిండి కలపండి. ఈస్ట్ సగానికి తగ్గించండి. గడియారం చూడకుండా పిండిని చూడండి: రెట్టింపు అయితే చాలు, అది నలభై నిమిషాల్లో అయినా సరే. పిండిలో వేలు గుచ్చి తీస్తే గుంట నెమ్మదిగా, సగం వరకే పూడాలి. వెంటనే పూడిపోతే ఇంకా ఆగాలి. అసలు పూడకపోతే ఆలస్యం చేశారు.

అన్నిటికంటే మంచి దారి ఫ్రిజ్. రాత్రి కలిపి, అరగంట బయట ఉంచి, నూనె రాసిన డబ్బాలో మూత పెట్టి ఫ్రిజ్‌లో పెట్టేయండి. మర్నాడు సాయంత్రం తీస్తే రుచి బాగా పెరిగి ఉంటుంది. రెండు మూడు రోజులు ఆగినా బాగుంటుంది. కాల్చడానికి గంట ముందు బయటికి తీయండి, ఎండాకాలం అయితే అరగంట చాలు. చలికాలంలో ఆదిలాబాద్ వైపు సమస్య తిరగబడుతుంది. అక్కడ లైటు మాత్రమే వెలిగించిన ఓవెన్‌లో గిన్నె పెడితే సరి.

ఎంతసేపు పిసకాలి?

చేత్తో ఎనిమిది పది నిమిషాలు. చిన్న ముక్క తీసి రెండు చేతుల వేళ్లతో పల్చగా సాగదీస్తే చిరక్కుండా వెలుతురు కనపడాలి. ఓపిక లేకపోతే అన్నీ కలిపి వదిలేసి, పావుగంటకోసారి చొప్పున మూడు నాలుగు సార్లు అంచులు లోపలికి మడిచి పెట్టండి. పనిలో ఎక్కువ భాగం కాలమే చేసేస్తుంది. పిండి చేతికి అంటుతోందని మైదా చల్లుకుంటూ పోవద్దు. చేతికి నూనె రాసుకోండి.

సాగదీస్తే వెనక్కి ముడుచుకుపోతోంది. చపాతీ కర్రతో ఒత్తేయొచ్చా?

ముడుచుకుంటే పిండికి విశ్రాంతి చాలలేదని అర్థం. తడిగుడ్డ కప్పి పదిహేను ఇరవై నిమిషాలు వదిలేసి మళ్లీ మొదలుపెట్టండి. ఫ్రిజ్‌లోంచి అప్పుడే తీసిన పిండి కూడా ఇలాగే మొరాయిస్తుంది.

పొంగిన అంచు కావాలంటే కర్ర వద్దు. మధ్యలోంచి వేళ్లతో నొక్కుతూ గాలిని అంచుకు తోయాలి, అంచును అసలు తాకకూడదు. పల్చగా, కరకరలాడే పిజ్జా ఇష్టమైతే కర్ర వాడండి. రోమ్ నగరంలో పల్చటి పిజ్జాను కర్రతోనే ఒత్తుతారు, అందులో నామోషీ ఏమీ లేదు.

ఈస్ట్ లేకుండా చేయొచ్చా?

పెరుగు, వంటసోడా వేసి చేయొచ్చు. నాన్‌కి దగ్గరగా వస్తుంది, వెంటనే అయిపోతుంది. పులిసిన రుచి, లోపలి గుల్లదనం రావు. సోడా కొంచెం ఎక్కువైనా నాలుకకి తెలిసిపోతుంది.

సాస్‌కి ఏ టమాటాలు వాడాలి?

కండ ఎక్కువ, గింజలు తక్కువ ఉన్న కోడిగుడ్డు ఆకారపు టమాటాలు. నాటు టమాటాల్లో పులుపు, రుచి బాగుంటాయి కానీ నీళ్లు ఎక్కువ, అవి వాడితే ఇంకాసేపు మరిగించాలి. నేపుల్స్‌లో డబ్బా టమాటాలను చిదిమి పచ్చిగానే రాస్తారు. ఆ వేడికి నీళ్లు క్షణాల్లో ఎగిరిపోతాయి. మన ఓవెన్‌లో పచ్చి సాస్ రాస్తే బేస్ తడిసి ముద్దవుతుంది.

అరకిలో టమాటాలకు గాట్లు పెట్టి మరిగే నీళ్లలో ఒక నిమిషం వేసి, తొక్క తీసి, చేత్తో చిదమండి. రెండు చెంచాల నూనెలో నాలుగు వెల్లుల్లి రెబ్బలు రంగు మారకుండా వేయించి, టమాటా, ఉప్పు వేసి మూత లేకుండా ఉడికించండి. గరిటెతో గిన్నె అడుగున గీత గీస్తే ఆ గీత వెంటనే మూసుకోకూడదు. అప్పుడు దించండి. పది అంగుళాల పిజ్జాకు ఇందులోంచి నాలుగు టేబుల్ స్పూన్లు చాలు. తక్కువైనట్టు అనిపిస్తుంది, అయినా అంతే రాయండి. మదనపల్లె మార్కెట్‌లో ధర పడిపోయి ఊరంతా టమాటాలు చవకైన వారాల్లో ఎక్కువ చేసి, చిన్న డబ్బాల్లో డీప్ ఫ్రీజర్‌లో పెట్టుకోండి.

కెచప్ రాయడం గురించి కూడా అడుగుతారు. పిల్లలు అడిగితే ఒక చెంచా సాస్‌లో కలపండి. అచ్చంగా అదే రాస్తే తీపి తప్ప ఏమీ తెలియదు.

పిజ్జాలో వేసే ఒరెగానో, బేసిల్ ఆకులు మా ఊళ్లో దొరకవు. ప్రత్యామ్నాయం ఉందా?

చాలా ఇళ్ల పెరట్లోనే ఉంది. బజ్జీలు వేసుకునే వాము ఆకు తుంచి వాసన చూడండి. ఒరెగానోకి ఆ ఘాటు ఇచ్చే కార్వక్రాల్ అనే పదార్థమే ఇందులోనూ ఉంటుంది. అందుకే బయటి దేశాల్లో దీన్ని క్యూబా ఒరెగానో అని పిలుస్తారు. రెండు ఆకులు సన్నగా తరిగి సాస్ దించే ముందు వేస్తే చాలు, ఎక్కువైతే కషాయం గుర్తొస్తుంది. ఆకు లేకపోతే చిటికెడు వాము నలిపి వేసినా కొంత పని జరుగుతుంది.

బేసిల్ కోసం వేసవిలో నానబెట్టుకు తాగే సబ్జా గింజలను కుండీలో చల్లండి. మొలిచేది బేసిల్ జాతే. ఇటలీ రకమంత తియ్యటి వాసన రాదు, అయినా ఆ కోవలోదే. పిజ్జా బయటికి తీశాక ఆకులు వేయండి, ఓవెన్‌లో నల్లబడిపోతాయి. పూజలో వాడే తులసి వేరే జాతి. దాని ఘాటు లవంగాన్ని తలపిస్తుంది, చీజ్‌తో కుదరదు. ఇంట్లో పూజించే మొక్క తుంచి పిజ్జా మీద వేయడానికి చాలామందికి మనసొప్పదు కూడా.

చిల్లీ ఫ్లేక్స్ అయితే అసలు కొననే వద్దు. గుంటూరు ఎండుమిరపకాయలు నాలుగు పొడి పెనం మీద వెచ్చచేసి కచ్చాపచ్చాగా దంచితే, ప్యాకెట్‌లోది దీని ముందు నిలబడదు. కారం తగ్గాలంటే బ్యాడిగి కాయలు కలపండి.

ఏ చీజ్ కొనాలి? మాది కరుగుతోంది కానీ సాగడం లేదు.

బహుశా మీరు వాడింది ప్రాసెస్డ్ చీజ్. శాండ్‌విచ్‌కి వాడే ముక్కలు, క్యూబులు అన్నీ అదే. అందులో కలిపే లవణాల వల్ల చక్కగా కరుగుతుంది, కానీ తీగ సాగదు. సాగాలంటే మొజరెల్లా కావాలి. దిమ్మలా వచ్చే, నీళ్లు తక్కువున్న రకం కొని ఇంట్లో తురుముకోండి. ముందే తురిమి అమ్మేదానికి ముక్కలు అంటుకోకుండా పిండి పదార్థం పూస్తారు, అందుకే అది కాస్త ఆలస్యంగా కరుగుతుంది. ఉప్పునీళ్లలో తేలే తాజా మొజరెల్లా మన వేడికి పనికిరాదు, పిజ్జా మధ్యలో చెరువు కడుతుంది. పది అంగుళాలకు 100 గ్రాములు సరిపోతాయి.

పనీర్ ఎందుకు కరగదు?

పనీర్‌ను దాదాపు మరిగిన పాలలో నిమ్మరసమో వెనిగరో వేసి విరగ్గొడతాం. ఆ వేడికి పాల ప్రోటీన్లు ఒకదానికొకటి గట్టిగా అతుక్కుపోతాయి, మళ్లీ వేడి చేసినా విడిపోవు. మొజరెల్లాకు పాలను తక్కువ వేడి దగ్గర విరిచి, వేడినీళ్లలో ఆ గడ్డను సాగదీస్తారు. పనీర్ టాపింగ్‌గా బాగుంటుంది: పెరుగు, కారం, ఉప్పు పట్టించి ఒక నిమిషం వేయించి వేయండి.

కూరగాయలు వేస్తే పిజ్జా మధ్యలో తడిసిపోతోంది.

పచ్చివి గుప్పెళ్ల కొద్దీ వేస్తున్నారు. పుట్టగొడుగులు ముందే నీళ్లు పోయేదాకా వేయించాలి. క్యాప్సికం, ఉల్లిపాయ సన్నగా తరిగి చాలా కొద్దిగా వేయాలి. టమాటా ముక్కలు వేస్తే గింజలు తీసేయాలి. చికెన్ పూర్తిగా ఉడికినదే వేయాలి, పిజ్జా కాలే సమయంలో పచ్చి చికెన్ ఉడకదు. మూడు రకాలకు మించి వేయకండి.

ఓటీజీని ఎలా వాడాలి?

ఉన్నంత వేడి, పైన కింద రెండు రాడ్లూ. ఖాళీ ట్రే లోపల బోర్లించి కనీసం అరగంట కాగనివ్వండి. చల్లటి ట్రేలో పిజ్జా పెట్టి ఓవెన్‌లోకి తోయడం, పెనం కాలకముందే దోశ వేసినట్టే. పిడి లేని ఇనుప పెనం ఉంటే ట్రేకి బదులు అది ఇంకా మంచిది. నాన్‌స్టిక్ మాత్రం వద్దు. తరచూ చేసేవాళ్లు వెల్డింగ్ షాపులో 6 మిల్లీమీటర్ల మందం ఇనుప పలక కోయించుకుని, తుప్పు గీకించి, నూనె పట్టించి వాడుకోవచ్చు. ఒక అడుగు చదరపు పలక నాలుగు కేజీలకు పైన ఉంటుంది, మీ ఓవెన్ కడ్డీలు ఆ బరువు మోస్తాయో లేదో ముందు చూసుకోండి.

పిజ్జాను ఇంకో ట్రే వెనక వైపు బొంబాయి రవ్వ చల్లి దాని మీద తయారుచేస్తే, వేడి ట్రే మీదికి జారిపోతుంది. ఓవెన్ 230 దాటకపోతే ఇంకో కిటుకు: సాస్ మాత్రమే రాసి ఐదు నిమిషాలు కాల్చి, బయటికి తీసి చీజ్, టాపింగ్స్ వేసి మళ్లీ ఐదారు నిమిషాలు పెట్టండి. చీజ్ నూనె కక్కి ఎండిపోకుండా ఉంటుంది.

అమెరికాలో ఉన్నవాళ్లకి ఓవెన్ 500 నుంచి 550 ఫారెన్‌హీట్ దాకా వెళ్తుంది, అంటే 260 నుంచి 288 సెల్సియస్. పంచదార మానేయొచ్చు, చివరి నిమిషంలో ఓవెన్‌లో పైనుంచి కాల్చే బ్రాయిలర్ ఆన్ చేస్తే పైన రంగు వచ్చేస్తుంది.

మొదటిసారి చేస్తున్నాను. ఏ రకం సులువు?

కేకు గిన్నెలో చేసే పాన్ పిజ్జా. గిన్నెలో రెండు చెంచాల నూనె పోసి, పిండి అందులో వేళ్లతో అదిమి, గంటసేపు పొంగనిచ్చి, పైన అన్నీ వేసి అలాగే ఓవెన్‌లో పెట్టేయడమే. గుండ్రంగా రావాలన్న టెన్షన్ లేదు, జార్చే పని లేదు. అడుగు నూనెలో వేగి కరకరలాడుతుంది.

ఓవెన్ లేదు. గ్యాస్ మీద పెనంతో వస్తుందా?

వస్తుంది. మందపాటి ఇనుప పెనం మధ్యస్థ మంట మీద కాగాక సాగదీసిన పిండి వేయండి. రెండు నిమిషాల్లో పైన బుడగలు లేస్తాయి, అడుగు మచ్చలు పడుతుంది. తిరగేయండి. మంట పూర్తిగా తగ్గించి, కాలిన వైపు సాస్, చీజ్, ముందే వేయించిన టాపింగ్స్ వేసి, ఎత్తు మూత పెట్టి నాలుగైదు నిమిషాలు ఉంచండి. చీజ్ కరుగుతుంది కానీ దాని మీద బంగారు రంగు రాదు, పైనుంచి వేడి లేదు కాబట్టి. మూతకి పట్టిన ఆవిరి చుక్కలు పిజ్జా మీద పడకుండా మధ్యలో ఒకసారి తుడవండి.

కుక్కర్‌లో ఇసుకో ఉప్పో పోసి చేసే పద్ధతి కూడా ఉంది. నీళ్లు లేకుండా అంతసేపు కాలిస్తే కుక్కర్ పాడయ్యే ప్రమాదం ఉంది. అలా చేయాలనుకుంటే పాత మందపాటి గిన్నె వాడండి. మామూలు మైక్రోవేవ్‌లో పిజ్జా కాలదు. కన్వెక్షన్ మోడ్ ఉంటే ఓటీజీ లాగే వాడుకోవచ్చు.

పదిమంది వస్తున్నారు. ముందే చేసి పెట్టుకోవచ్చా?

బేస్‌లు ముందురోజే నాలుగు నిమిషాలు, రంగు రాకుండా కాల్చి, పూర్తిగా చల్లార్చి కవర్లలో పెట్టండి. ఫ్రిజ్‌లో రెండు రోజులు, డీప్ ఫ్రీజర్‌లో ఒక నెల ఉంటాయి. అతిథులు వచ్చాక సాస్, చీజ్ వేసి కాల్చడమే మిగులుతుంది. ఒక ఓటీజీలో ఒకసారికి ఒక్కటే పడుతుంది కాబట్టి అందరూ ఒకేసారి కూర్చుని తినాలని పెట్టుకోకండి, వచ్చింది వచ్చినట్టు కోసి పంచండి. ముక్కలు మిగిలితే మర్నాడు పెనం మీద సన్నటి మంటన మూత పెట్టి వెచ్చచేయండి. అడుగు కరకరలాడుతుంది, పెనం అంచున నాలుగు చుక్కల నీళ్లు చిలకరిస్తే ఆ ఆవిరికి పైన చీజ్ మళ్లీ కరుగుతుంది.